మత్తడి లేని నీళ్లు

మొన్న దీపాలవేళ కిరాణా దుకాణంలో ఉప్పు ప్యాకెట్ అడిగితే, పిల్లగాడు చేతికివ్వకుండా గల్లాపెట్టె మీద పెట్టాడు. పైసలు మాత్రం ఫోనుకే తీసుకున్నాడు. "చేతికిస్తే ఏమైతది బిడ్డా?" అంటే "లొల్లయితది సార్" అన్నాడు. సీలు వేసిన ప్యాకెట్ అది! దిష్టి తీసే ఉప్పు మీద, ఎండుమిరపకాయల మీద ఈ కాలమ్‌లో నేను చేసిన యుద్ధాలు తెలిసినవాళ్లు నా మొహం ఎట్లా మారిందో ఊహించుకోగలరు.

కోపం ఇంటిదాకా ఉంది. అయినా ఆలోచిస్తే, సముద్రం మొహం చూడని మన దిక్కుకు ఉప్పు ఊరికే రాలేదు. కోస్తా నుంచి లంబాడీలు ఎద్దుల వీపుల మీద గోనెల్లో తెచ్చేవాళ్లు. (మా సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో గానీ రాలేదు, అది వేరే ఏడుపు.) అంత దూరం నడిచొచ్చిన సరుకు ఇచ్చిపుచ్చుకోవడంలో ఒలికితే లొల్లి కాక ఏమవుతుంది?

చుట్టూ ఇన్ని చెరువులున్నాయి, ఒక్కదాంట్లోనూ చిటికెడు ఉప్పు పుట్టదు. అదే రాజస్థాన్‌లోని సాంభర్ చూడండి. శాకంభరీ దేవి అక్కడి అడవిని వెండి మైదానం చేసిందట. వెండి కోసం కొట్టుకుచస్తాం, వద్దు తల్లీ అని జనం మొక్కితే ఉప్పుగా మార్చిందట. మహారాష్ట్రలోని లోణార్‌లో విష్ణువు లవణాసురుణ్ని చంపిన గుంటలో నీళ్లు నిలిచాయంటారు. సైన్సు ఉల్క పడిందంటుంది. 2020 జూన్‌లో ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే, ఉప్పులో బతికే సూక్ష్మజీవుల పని అని తేల్చింది. ఇక కాస్పియన్, మృత సముద్రం పేరుకే సముద్రాలు, నిజానికి సరస్సులే. అన్నిటి జాతకం ఒకటే: నీళ్లు వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు. రాళ్లను ఒరుసుకుంటూ వాగులు తెచ్చిన లవణం అక్కడే పడి ఉంటుంది, నీళ్లు ఆవిరైపోతాయి. మన చెరువుకు తూము ఉంది, మత్తడి ఉంది. నిండితే దుంకి కింది చెరువుకు పోతుంది. మళ్లీ మత్తడి పురాణం మొదలుపెట్టాడు అనుకుంటున్నారు కదా, అనుకోండి.

మరి ఆ చెరువుల కట్టలు పోసిందెవరు? మా ఊళ్లో ఉప్పరోళ్ల వాడ ఉండేది. సౌడు మట్టిని నీళ్లలో కలిపి, వడగట్టి, ఎండబెట్టి ఉప్పు తీయడం పూర్వం వాళ్ల కులవృత్తి. ఆ పని పోయాక మట్టి పని మిగిలింది: బావులు, కాలువలు, చెరువు కట్టలు. తాము సగర చక్రవర్తి వంశమని చెప్పుకుంటారు. యాగాశ్వాన్ని వెతుకుతూ ఆయన అరవై వేల మంది కొడుకులు తవ్విన గొయ్యే సముద్రమైందని పురాణం. నా చిన్నప్పుడు ఒక ముసలాయన కట్ట మీద కూర్చుని, వచ్చిన ప్రతి గంపలోంచి చిటికెడు మట్టి నాలుకకు అద్దుకునేవాడు. ఉప్పగా తగిలితే ఆ గంప పక్కకే. సౌడు మట్టి కట్టలో పడితే నీళ్లకు కరిగి బుంగ పడుతుంది. ప్రయోగశాల లేదు, కాగితం లేదు, నాలుకే ఇంజనీరు. "మా తాతలు తవ్విందేమో ఉప్పుగయ్యింది, మేం తవ్వింది తియ్యగున్నది" అని నవ్వేవాడు. ఆ నవ్వులో గర్వమెంతో, కూలి సరిగా రాలేదన్న బాధెంతో అప్పుడు తెలుసుకునే వయసు కాదు.

ఇక్కడిదాకా వచ్చేసరికి మూఢనమ్మకాల మీద నా పాత వాదమే నాకు అడ్డం తిరుగుతోంది. ప్యాకెట్లు వచ్చినా ఉప్పు మీది భయం చావలేదు. చెరువులో నీళ్లు నిలిచే సర్కారు శికం భూమి చేతులు మారొద్దని చట్టముంది, దానికి మాత్రం ఎవరికీ భయమే లేదు. శికంలో గోడ లేపితే కట్టను కాచే మైసమ్మ తల్లి ఊరుకోదని మా అవ్వ తరం నమ్మేది. ఆ నమ్మకం తిరిగొస్తే ఈ కాలమ్ దానికి వ్యతిరేకంగా ఒక్క ముక్క రాయదు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండుమట్టం) హద్దు రాళ్లు పీకినవాళ్లకు కలలో మైసమ్మ కనిపిస్తోందని ఎవరైనా పుకారు పుట్టిస్తే, నా వంతు ప్రచారం నేను చేస్తాను.