బ్రాటన్ వీధిలో ఒక కుర్చీ

పొద్దున ఏడింటికే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. బందరులో పుట్టి పెరిగినదాన్ని, సముద్రపు గాలి ఉక్క నాకు కొత్త కాదు. అట్లాంటాలో మా అమ్మాయి ఇంటి నుంచి కారులో నాలుగు గంటలు వస్తే సవానా. జార్జియా రాష్ట్రంలో పాత రేవు పట్నం. అమ్మాయి చూడవలసినవన్నీ ఫోనులో వరసగా రాసుకుంది. నేను, "ముందు కాఫీ ఎక్కడ తాగుదామమ్మా?" అన్నాను.

ఇది నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు. ఏ ఊరికి పనిమీద వెళ్లినా ఆయన బస్సు దిగి నేరుగా కాఫీ హోటల్లోకి నడిచేవారు. పేపరు తిరగేస్తూ, పక్క బల్ల వాళ్ల మాటలు వింటూ ఒక గంట కూర్చున్నాకే పని చూసుకునేవారు. ముప్పై ఏళ్లుగా నేనూ అంతే. గుడికైనా మ్యూజియానికైనా ఆ తర్వాతే. ఫోను సంచిలోంచి తీయను. ఆ ఊరివాళ్లు కూర్చునే చోట కూర్చుంటాను.

అలా కూర్చోవడానికి సవానాని మించిన ఊరు నేను చూడలేదు. 1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ ఈ ఊరికి పునాది వేసినప్పుడే పేటకో చదరం చొప్పున ఖాళీ జాగా వదిలి, దాని చుట్టూ ఇళ్ల స్థలాలు గీయించాడు. ఊరు పెరిగిన కొద్దీ చదరాలూ పెరిగి 24 అయ్యాయి. ఇప్పుడు 22 ఉన్నాయి. ఒకదాంట్లోంచి బయటపడి నాలుగడుగులు వేస్తే ఇంకోటి ఎదురవుతుంది. అన్నింటిలోనూ బెంచీలు. బెంచీల మీదికి ఒంగిన లైవ్ ఓక్ చెట్లు. వాటి కొమ్మల నుంచి బూడిద రంగు జడల్లా వేలాడేదాన్ని స్పానిష్ మాస్ అంటారు. పేరులో నాచు ఉంది గానీ అది అనాస కుటుంబపు మొక్క.

ఈ నీడ ఊరికే మిగల్లేదు. 1954లో ఎలిస్ స్క్వేర్‌లో పాత మార్కెట్‌ని కూల్చి కార్లు నిలిపే గ్యారేజీ కట్టారు. మరుసటి ఏడు డావెన్‌పోర్ట్ హౌస్‌కీ అదే గతి పట్టబోతుంటే ఏడుగురు ఆడవాళ్లు కలిసి డబ్బు పోగుచేసి ఆ ఇల్లు కొనేశారు. సవానాలో పాత కట్టడాల్ని కాపాడే సంస్థ అలా మొదలైంది. ఆ గ్యారేజీ కూడా చివరికి పోయి, 2010లో ఎలిస్ స్క్వేర్ మళ్లీ జనం కూర్చునే చోటయింది. అలా కూల్చివేత తప్పించుకున్న పాత ఇళ్లలోనే ఇవాళ కాఫీ కొట్లు నడుస్తున్నాయి. చిపెవా స్క్వేర్ పక్కన గ్యాలరీ ఎస్ప్రెస్సోలో గోడల నిండా బొమ్మలు, సోఫాల్లో చదువుకునే పిల్లలు. బుల్ వీధిలో ఫాక్సీ లాక్సీ అసలు ఒక పాత మేడ ఇల్లు. వెనక పెరట్లో బల్లలు వేశారు. పెరట్లో కాఫీ తాగడమంటే నాకు మా ఇల్లే.

రెండో రోజు ఒక కొట్లో పోర్ ఓవర్ అడిగి, చేసే అబ్బాయి ఎదురుగా నిలబడ్డాను. 20 గ్రాముల గింజలు తూచి, మరీ మెత్తగా కాకుండా పొడి చేశాడు. గరాటులో కాగితం అమర్చి ముందు వేణ్ణీళ్లతో తడిపాడు, కాగితం వాసన పోవడానికి. పొడి వేసి, సన్నటి మూతి కెటిల్‌తో అది తడిసేంత నీళ్లు మాత్రమే పోసి చెయ్యి ఆపాడు. పొడి బూరెలా పొంగింది, బుడగలు లేచి చిట్లాయి. వేయించిన గింజలో చిక్కుకున్న గాలి అలా బయటికి పోవాలట. అర నిమిషం ఆగి, చుట్లు తిప్పుతూ మిగతా నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. మొత్తం 320 గ్రాములు. నాకు మా అమ్మ చెయ్యి కనిపించింది. ఇత్తడి ఫిల్టర్లో పొడి వేసి, మరిగే నీళ్లు ముందు కాసిని చల్లి, "ఊరనీ" అని ఆగేది. తూకం లేదు, గడియారం లేదు. ఆ ఆగడం మాత్రం అచ్చంగా అదే. కాఫీ నల్లగా, పల్చగా, కాస్త పుల్లగా ఉంది. పాలూ చికోరీ ఎరిగిన నాలుకకి రెండు గుక్కలు పట్టింది. మూడో గుక్కకి నచ్చింది.

చికోరీ అంటే ఇక్కడొక కథ ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేసింది. 1862 ఏప్రిల్లో సవానా నది ముఖద్వారం దగ్గరి పులాస్కీ కోట పడిపోయింది. ఓడలు రాకపోతే కాఫీ గింజలు లేవు. దక్షిణాదివాళ్లు చికోరీ వేరు, రై ధాన్యం, చిలగడదుంప ముక్కలు, చివరికి ముదిరిన బెండ గింజలు కూడా వేయించి, పొడి కొట్టి కాచుకున్నారు. బెండ గింజల కాఫీ! ఆ బెండ ఆ నేలకి చేరింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటే. ఓగల్‌థార్ప్ రోజుల్లో ఈ వలసరాజ్యంలో బానిసత్వం నిషేధం. 1751 నుంచి దాన్ని అనుమతించారు. 1859 మార్చిలో ఊరి శివారు గుర్రప్పందేల మైదానంలో రెండు రోజుల్లో నాలుగు వందల మందికి పైగా మనుషుల్ని వేలం వేశారు. ఇది తెలిశాక ఆ ఓక్ చెట్ల నీడన కూర్చుంటే నాకు మునుపటిలా లేదు.

మూడో రోజు బ్రాటన్ వీధికి వెళ్లాం. ఊళ్లో పెద్ద బజారు అదే. అక్కడి కాఫీ ఫాక్స్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ వీధిలోనే లెవీస్ అనే పెద్ద దుకాణం ఉండేది. నల్లవాళ్లు బట్టలు కొనుక్కోవచ్చు. అదే దుకాణంలో ఫలహారాల బల్ల దగ్గర కూర్చుని ఒక కప్పు కాఫీ తాగడానికి మాత్రం లేదు. 1960 మార్చి 16న నల్లజాతి విద్యార్థులు వెళ్లి ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. లేవమంటే లేవలేదు. ముగ్గురిని అరెస్టు చేశారు. ఆ తర్వాత నల్లవాళ్లంతా బ్రాటన్ వీధి దుకాణాల్లో కొనడం మానేశారు. ముందుండి నడిపిన డబ్ల్యూ. డబ్ల్యూ. లా ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్. ఏడాది దాటినా ఎవరూ మెత్తబడలేదు. 1961లో ఆ బల్లలు అందరివీ అయ్యాయి. దేశానికి పౌర హక్కుల చట్టం 1964లో వచ్చింది. సవానాలో సినిమా హాళ్లతో సహా తలుపులన్నీ అంతకు ముందు ఏడే తెరుచుకున్నాయి.

కాఫీ కొట్లో ఒక గంట కూర్చోవడం నాకు ఊరిని పలకరించే పద్ధతి. ఆ పిల్లలు దానికే జైలుకి వెళ్లారు.

కప్పు పట్టుకుని ఉండగానే అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. చెరువుగట్టు దగ్గర టీ బడ్డీ. లోపల బల్లలు, గాజు గ్లాసులు. బయట చూరు కింద గూట్లో విడిగా ఇంకో రెండు గ్లాసులు. మా తాతయ్య పొలంలో పనిచేసే పెద్దాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. నన్ను లోపల బల్ల మీద కూర్చోబెట్టి, ఆయన బయటికి వెళ్లి, గూట్లో గ్లాసు తనే కడుక్కుని చాపేవారు. బడ్డీవాడు తగలకుండా పైనుంచి పోసేవాడు. ఆయన గొంతుక్కూర్చుని తాగేవారు. నాకప్పుడు ఆరేళ్లో ఏడేళ్లో. ఎందుకని ఎవరినీ అడగలేదు. తర్వాత పెద్దయ్యాక కూడా ఆయన్ని అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. "ఇన్నేళ్లూ ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఆ లెవీస్ భవనం ఇప్పుడు ఆర్ట్ కాలేజీ లైబ్రరీ. సాయంత్రం ఎదురు కాలిబాట మీద నిలబడి చాలాసేపు చూశాం. అద్దాల వెనక దీపాలు. పుస్తకాలు పట్టుకుని నల్లపిల్లలూ తెల్లపిల్లలూ లోపలికి వెళ్తూ, బయటికి వస్తూ ఉన్నారు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున మళ్లీ కాఫీ ఫాక్స్‌కే వెళ్లాను. కొట్టు కిటకిటలాడుతోంది. డెబ్బై దాటిన నల్లజాతి ఆవిడ ఒకరు కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, ఎదుటి కుర్చీలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరు, కూర్చోమన్నాను. ఏ ఊరని అడిగారు. సముద్రం పక్కన ఊరని చెప్తే, అయితే ఈ ఉక్క మిమ్మల్నేం చేస్తుందిలే అని నవ్వారు. అమ్మాయి కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టి లోపలికి తొంగిచూసింది. ఇంకో అరగంట ఆగమని చెయ్యి ఊపాను.