దోమ లెక్క, మనిషి లెక్క

విజ్ఞానశాస్త్రానికి కులం లేదంటారు. గింజకు కులం లేదు, నిజమే. కానీ ఆ గింజ పండే చేలో గట్టు మీద ఎవరు నిలబడాలో, బురదలో ఎవరు వంగాలో కులమే తేలుస్తోంది. ఆహార భద్రత పేరుతో విశ్వవిద్యాలయాలు చేసే పరిశోధనను మేము ఆ బురదలోంచి చదవదలిచాం.

పెంటపాడు చేలకు సలహా చెప్పేది ఇదే జిల్లాలోని మారుటేరు వరి పరిశోధనా కేంద్రం. 1925లో పుట్టిన ఆ కేంద్రం ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడ తయారై 1982లో విడుదలైన స్వర్ణ (ఎంటీయూ 7029) ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. దోమపోటుకు తట్టుకునే కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) 2000లో వచ్చింది. ఈ పనిని తక్కువ చెయ్యటం మా ఉద్దేశం కాదు. ఆ విలువ పేటలో ఉడికే కుండకూ తెలుసు.

మా తగువు వేరు. దోమపోటు తగ్గాలంటే ఊడ్పుల్లో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తియ్యమంటుంది శాస్త్రం. గాలీ వెలుతురూ ఆడితే దోమ పెరగదు. మంచి మాటే. మరి ఆ బాట తీసేదెవరు? ఊడ్పుల ముఠాలోని ఆడవాళ్లు, ఎక్కువమంది మాల మాదిగ పేటల వాళ్లు. ఎకరానికి ఇంతని గుత్తకు ఊడ్చేచోట, బాట కోసం తాడు పట్టి ఆగిన పొద్దంతా వాళ్ల కూలిలోంచే పోతుంది. సలహా రైతుకు, ఖర్చు కూలికి. బాటలు కనపడకపోతే 'రైతుకు అవగాహన లేదు' అని రాసుకుంటే సరిపోతుందా?

పిలక దశలో దుబ్బుకు 10-15 దోమలుంటే మందు కొట్టమంటారు. అదుపు లేకుండా కొడితే దోమను తినే సాలీళ్లూ, మిరిడ్ నల్లులూ చచ్చి దోమే తిరగబడుతుందని కూడా ఆ శాస్త్రమే చెప్పింది. అంటే దోమకు లెక్కుంది, సాలీడుకు లెక్కుంది. డబ్బా వీపున మోసి మందు కొట్టే మనిషికేది లెక్క? 'చేతి తొడుగులు వేసుకోవాలి' అన్న ఒక్క వాక్యం ఉంది. ఆ తొడుగులు కొనాల్సింది అసామా, కూలా? అది ఆ వాక్యంలో లేదు.

2013లో వ్యవసాయ జీవభద్రత బిల్లును పార్లమెంటులో పెట్టారు. చీడపీడలు సరిహద్దు దాటకుండా ఒక ప్రాధికార సంస్థ కావాలన్నారు. 2014లో లోక్‌సభ గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది. పైరుకు కాపలా కావాల్సిందే. కానీ తెగులు సోకి పంట పోయినప్పుడు మునిగేది కౌలుదారు. మన రాష్ట్రంలో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కూడా అతని గుర్తింపు కార్డును భూయజమాని సంతకానికే కట్టేసింది. ఆ సంతకం పడని పేట కౌలుదారు ఏ నష్టం జాబితాలో ఎక్కుతాడు?

అందుకే పరిశోధక విద్యార్థులనూ, అధ్యాపకులనూ మేము అడిగేది ఇదే. ఎకరా దిగుబడి రాసే పట్టికలోనే ఊడ్పు కూలినీ, పనిదినాలనూ, మందు కొట్టిన రాత్రి పడ్డ వాంతులనూ రాయండి. కాలిబాటకు అదనపు కూలి ఎంతో సిఫార్సులోనే చెప్పండి. సార్వా, దాళ్వా ముగిశాక ఫలితాలను రైతు సదస్సుతో ఆపకుండా పేటకు కూడా తెచ్చి చదవండి. అక్కడ వచ్చే ప్రశ్నలే తర్వాతి పరిశోధనకు అంశాలు కావాలి. బువ్వ పండించే చేతికి భద్రత లేనిచోట ఆహార భద్రత అన్నమాట సగం అబద్ధం.