చుక్కల్లో చిలిపి తగవులు

1944లో వచ్చిన ఒక డిటెక్టివ్ నవల హాలీవుడ్ దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కి తెగ నచ్చింది. ముఖ్యంగా అందులోని సంభాషణల పదును. దాన్ని రాసిన బ్రాకెట్ అనే అతనెవరో పిలిపించమని సెక్రటరీకి పురమాయించాడు. తీరా వచ్చింది ముప్ఫై నిండని యువతి, లీ బ్రాకెట్. అప్పటికే నాలుగేళ్లుగా ఆమె చవక కథల పత్రికలకు అంగారకుడి మీద జరిగే సాహసగాథలు రాస్తోంది. చేతిలో సగం రాసిన కథ ఒకటి ఉంటే, మిగతా సగం పూర్తిచేయమని కుర్ర స్నేహితుడు రే బ్రాడ్‌బరీకి అప్పగించి, హాక్స్ సినిమా ‘ది బిగ్ స్లీప్’ స్క్రీన్‌ప్లే పనిలోకి దిగింది. ఆ సినిమాకి ఆమెతోపాటు రాసినవారిలో విలియం ఫాక్నర్ ఒకడు.

దొంగబుద్ధి హీరో, అతనికి ఏ మాత్రం తగ్గని హీరోయిన్, పాత ఓడ, వెనక తరుముకొచ్చే శత్రువు, ఈ హడావుడిలోనే ఇద్దరి మధ్యా మాటల యుద్ధం. ఇవాళ సైన్స్ ఫిక్షన్‌లో అందరికీ పరిచయమైన ఈ సరదా వంశానికి ఒక వేరు అంగారకుడి కథల్లో ఉంటే, రెండోది 1930ల హాలీవుడ్ హాస్యచిత్రాల్లో ఉంది. ఆ రెంటితోనూ సంబంధమున్న మనిషి బ్రాకెట్.

ఆ హాస్యచిత్రాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1934 నుంచి అమెరికా సినిమాల మీద నీతినియమావళి కఠినంగా అమలైంది. తెర మీద శృంగారం చూపించే వీలు లేకపోయేసరికి రచయితలు ఆ మోహమంతా మాటల్లోకి మళ్లించారు. ఇష్టం వెటకారమైంది, విరహం వాదన అయింది. 1940లో హాక్స్ తీసిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’కి మూలమైన నాటకంలో విలేఖరి మగవాడు. హాక్స్ ఆ పాత్రను స్త్రీగా, ఎడిటర్‌కి మాజీ భార్యగా మార్చాడు. ఒకరి మాట పూర్తికాకముందే రెండోవారు అందుకునేలా నటులతో డైలాగులు చెప్పించాడు. అక్కడ ఎవరు వేగంగా ఆలోచిస్తే వాళ్లదే పైచేయి. అందానికి, డబ్బుకి, హోదాకి ఆ పోటీలో విలువ లేదు.

నా దృష్టిలో ఈ సంప్రదాయం ఇచ్చిన అసలు వరం ఇదే. మాటకు మాట సాగాలంటే ఇద్దరూ సమానులై తీరాలి. 1977 ‘స్టార్ వార్స్’లో యువరాణి లేయా చెరలో ఉంటుంది. కాపాడడానికి వచ్చిన హాన్ సోలో బృందానికి వెనక్కి వెళ్లే దారే తెలియదు. ఆమె తుపాకీ లాక్కుని, గోడకు కన్నం పెట్టి, అందరినీ చెత్తగుంటలోకి దూకమంటుంది. తర్వాత వాళ్ల తగవు రక్తి కట్టిందంటే కారణం ఆ చొరవే. బందీ ఊరికే ఏడుస్తూ కూర్చుని ఉంటే సోలో ఎత్తిపొడుపులు దబాయింపుల్లా వినిపించేవి.

ఇక దొంగ సంగతి. మంచి రచయిత అతనికి మొదట ఒక అప్పు పెడతాడు. సోలో స్మగ్లర్, జబ్బా అనే ముఠానాయకుడికి బాకీ పడ్డాడు. తిరుగుబాటుదారులకు సాయం చేయడం కూలి కోసమే. పైసల లెక్క తప్ప మరో మాట ఎత్తని మనిషి ఆఖరి యుద్ధానికి తిరిగొచ్చినప్పుడు ఆ రాకకి అంత బలం అందుకే. హ్యారీ హ్యారిసన్ ఇంకో మలుపు తిప్పాడు. అతని ‘స్టెయిన్‌లెస్ స్టీల్ ర్యాట్’ నవల 1961లో వచ్చింది. అందులో జిమ్ డిగ్రిజ్ అనే గజదొంగని పట్టుకుని పోలీసు కొలువులో పెట్టే అధికారే ఒకప్పుడు పేరుమోసిన దొంగ. ఆ జిమ్ వేటాడుతూ వేటాడుతూ మనసిచ్చేది తనకంటే ప్రమాదకరమైన ఏంజెలీనాకి!

తగవు ఎప్పుడు పెట్టాలన్నది మరో కిటుకు. తీరిగ్గా కూర్చున్నప్పుడు కాదు, చేతిలో పని ఉన్నప్పుడు. ‘స్టార్ వార్స్’ తరువాయి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో ఓడ చెడిపోయి ఒక గ్రహశకలం లోపల దాక్కుంటుంది. లేయా మరమ్మతు చేస్తూ చేయి నొప్పి పుట్టించుకుంటుంది. సోలో వస్తాడు, మాటా మాటా పెరుగుతుంది, ముద్దు దాకా వెళుతుంది. సరిగ్గా అప్పుడే బంగారు రంగు రోబో ఊడిపడి, చెడిన భాగం దొరికిందని శుభవార్త చెబుతుంది. యంత్రం పాడవడం వల్లే ఇద్దరూ దగ్గరయ్యారు, యంత్రం బాగుపడబోతున్న కబురే వాళ్లని విడదీసింది. సైన్స్ ఫిక్షన్ సామగ్రి ఇక్కడ వట్టి అలంకారం కాదు, కథ నడిచేదే దాని మీద. మన ‘మిస్సమ్మ’లో ఉద్యోగం కోసం వేసిన దొంగ భార్యాభర్తల వేషం చేసిన పనిని ఇక్కడ చెడిపోయిన ఇంజన్ చేసింది.

అన్నిటికంటే కష్టమైన విద్య ప్రేమ అనే మాట దాటేయడం. ‘రియో బ్రావో’ను 1959లో హాక్స్ తీశాడు, బ్రాకెట్ మరో రచయితతో కలిసి రాసింది. చివర్లో షెరిఫ్ హీరోయిన్ నృత్యం దుస్తులు చూసి, వాటితో నలుగురిలోకి వెళితే అరెస్టు చేస్తానంటాడు. ఆమె మురిసిపోతుంది. ప్రేమిస్తున్నానని అతను చెప్పింది అలాగే మరి. రెండు దశాబ్దాల తర్వాత ‘ఎంపైర్’లో సోలోను గడ్డకట్టించే గుంటలోకి దించుతుంటే లేయా తన ప్రేమ బయటపెడుతుంది. ఆ సంగతి తనకి తెలుసన్నది మాత్రమే అతని జవాబు. షూటింగులో సోలో పాత్రధారి హారిసన్ ఫోర్డ్, దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్ ఆలోచించి కుదిర్చిన మాట అది. ఆ సినిమా తొలి చిత్తుప్రతి రాసింది బ్రాకెటే. దాన్ని అందజేసి, 1978 మార్చి 18న క్యాన్సర్‌తో కన్నుమూసింది. తర్వాత ఆ రాత చాలా మారింది, లారెన్స్ కాస్డన్ తిరగరాశాడు. అయినా ఆమె తరం నేర్పిన పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ బాణీని అనుకరించిన సినిమాలు బోలెడు. ప్రాణం పోయే చోట కూడా జోకు వేయడమే చమత్కారమనుకుని చాలావరకు దెబ్బతిన్నాయి. భయం నిజమైతేనే దాన్ని దాచే మాట అందంగా ఉంటుంది. 2024 నాటి మన ‘కల్కి 2898 ఏడీ’లో డబ్బు కోసం వేటాడే భైరవ అచ్చంగా ఈ దొంగల కోవలోవాడే. కానీ అతనికి గట్టిగా బదులిచ్చేది కారులోని బుజ్జి, కీర్తి సురేష్ గొంతుతో. మనిషి హీరోయిన్‌కి ఆ అవకాశం అంతగా దక్కలేదు. తెలుగులో తర్వాతి అంతరిక్ష కథ రాసేవాళ్లు ముందు ‘రియో బ్రావో’ చివరి సీనూ, ‘ఎంపైర్’లో మరమ్మతు సీనూ వెంటవెంటనే చూడండి. ఆపైన దొంగకి ఎన్ని మంచి మాటలు రాస్తే, ఆమెకీ అన్నీ రాయండి.