పదికి నలభై ఒకటి

వెనక యాక్సిల్ హౌసింగ్ విప్పితే నూనెలో తడిసి మెరుస్తూ రెండు ఉక్కు గేర్లు కనబడతాయి. పళ్ళెమంత ఉన్నది క్రౌను, పిడికిలంత ఉన్నది పినియన్. పినియన్‌కి 10 పళ్ళు, క్రౌనుకి 41 పళ్ళు ఉన్నాయనుకోండి. ప్రొపెల్లర్ షాఫ్టు 4.1 చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. గేర్‌బాక్సు దగ్గర డ్రైవరు ఎన్నిసార్లయినా మనసు మార్చుకోవచ్చు. ఈ ఆఖరి నిష్పత్తి మాత్రం బండి పుట్టినప్పుడే రాసిపెట్టి ఉంటుంది. దాన్ని ఎంచినవాడి తెలివంటే నాకు గొప్ప గౌరవం.

లెక్క చూడటానికి సులువని 40 పళ్ళు పెట్టొచ్చు కదా? పెడితే పినియన్‌లో ఒక్కో పన్ను జీవితాంతం క్రౌనులోని అవే నాలుగు పళ్ళను కొరుకుతుంది. ఒక పంటిలో చిన్న లోపమున్నా ఆ నాలుగూ అరిగిపోతాయి. 41 అయితే ప్రతి పన్నూ అన్ని పళ్ళనూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అందరికీ సమంగా పంచబడుతుంది. ఆ ఒక్క పన్ను ఎక్కువ వెయ్యడంలో ఎంత ముందుచూపు ఉందో!

ఇప్పుడు 41 తీసి 37 పెడదాం. నిష్పత్తి 3.7కి దిగుతుంది. టైరు 185/65 ఆర్15, ఐదో గేరు 0.8 అయితే, ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు 4.1తో వేగం గంటకు సుమారు 107 కిలోమీటర్లు, 3.7తో సుమారు 119. అంటే అదే వేగానికి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, హోరు తగ్గుతుంది, హైవే మీద మైలేజీ సాధారణంగా పెరుగుతుంది. కానీ ఏ గేరులోనైనా చక్రానికి అందే లాగుడు పది శాతం దాకా తగ్గుతుంది. విజయవాడ వైపు సాఫీగా సాగిన కారు అనంతగిరి ఘాట్‌లో మలుపు మలుపుకీ కింది గేరు అడుగుతుంది. పికప్ కావాలా, పరుగు కావాలా అన్న బేరం ఇది. రెండూ పూర్తిగా దక్కవు.

ఈ బేరాన్ని చూడాలంటే పరవాడ రోడ్డు మంచి చోటు. లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి 16 వదిలి లోపలికి తిరిగితే ఫార్మా సిటీకి వెళ్ళే ట్యాంకర్లు, సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద లారీలు, టిప్పర్లు, ఉద్యోగుల కార్లు ఒకే దారిలో కనబడతాయి. ఇంజను అడ్డంగా ఉండే చిన్న కార్లలో ఈ ఆఖరి జత గేర్‌బాక్సులోనే ఏటవాలు పళ్ళతో ఒదిగి ఉంటుంది. లోడు టిప్పర్లలో నిష్పత్తి 6 దాటడం మామూలే. గనుల్లో తిరిగే కొన్ని బండ్లలో ఆ భారాన్ని క్రౌనుకీ చక్రం హబ్బులోని చిన్న గేర్లకీ పంచుతారు. అప్పుడు క్రౌను చిన్నదవుతుంది, యాక్సిల్ కింద రాళ్ళకు తగలకుండా జాగా మిగులుతుంది. సింహాద్రికి తాల్చేరు నుంచి బొగ్గు తెచ్చే రైలు పట్టాల మీదా పికప్‌కీ పరుగుకీ మధ్య ఇదే బేరం. సరుకు లాగే వ్యాగ్-9 ఇంజన్లో ముఖ్యంగా గేరు నిష్పత్తిని మార్చే ప్రయాణికుల వ్యాప్-7ని తయారుచేశారు. 100 కిలోమీటర్ల ఇంజను 140కి వెళ్ళింది.

అసలు పనితనం బిగింపులో ఉంది. 1920లలో గ్లీసన్ సంస్థలో ఎర్నెస్ట్ వైల్డ్‌హేబర్ రూపొందించిన హైపాయిడ్ పద్ధతిలో పినియన్ క్రౌను నడిమికి కాకుండా కాస్త కిందికి జరిగి కూర్చుంటుంది. 1926లో ప్యాకార్డ్ దాన్ని కార్లలో వాడింది. షాఫ్టు దిగింది, కారు నేల కూడా దిగింది. పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ కలుస్తాయి కాబట్టి గట్టి ఒత్తిడికి తట్టుకునే ప్రత్యేకమైన నూనె కావాలి. మామూలు ఇంజనాయిలు అక్కడ నిలవదు.

క్రౌను పళ్ళకి రంగు పూసి తిప్పి చూస్తాడు మెకానిక్. రాపిడి మచ్చ పన్ను కొసకి పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, షిమ్ము అనే పలచని రేకు మార్చి దగ్గరికి తేవాలి. మొదట్లోకి దిగితే మరీ దగ్గరైనట్టు. ఖాళీ బండిలో మచ్చ నడుమ నుంచి లోపలి అంచువైపు కాస్త జరిగి ఉండటమే మేలు. లోడు పడి ఉక్కు వంగినప్పుడు అది బయటి అంచువైపు జరుగుతుంది. లేని బరువును లెక్కలోకి తీసుకుని బిగించే ఈ నేర్పు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పళ్ళ మధ్య వదిలే ప్లే కార్లలో మిల్లీమీటరులో ఐదో వంతుకి అటూఇటూ. ఎక్కువైతే గేరు మార్చినప్పుడల్లా ఠంగుమంటుంది, తక్కువైతే వేడెక్కి ఊళ వేస్తుంది.

క్రౌను, పినియన్ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రాపిడి చేయించుకుని జతగా పుడతాయి, రెండిటిమీదా ఒకే గుర్తు చెక్కి ఉంటుంది. ఒకటి విరిగితే రెండూ మార్చాల్సిందే. కొత్త జత కొనేముందు పాతదాని నిష్పత్తి తెలియకపోతే, వెనక చక్రాలు రెండూ జాకీ మీద లేపి, షాఫ్టుకీ టైరుకీ సుద్దగీత గీసి, రెండు చక్రాలనూ కలిపి ఒక్క చుట్టు తిప్పాలి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. ఒక్క చక్రమే లేపితే మాత్రం దాన్ని రెండు చుట్లు తిప్పి లెక్కపెట్టాలి.