విద్యార్థి స్వరము – సంస్కృత్యనుగుణ బోధనము

విద్యార్థులు తామే పాడ్‌కాస్టులను రచించి, ధ్వనిముద్రణము చేసి వినిపించుట నేడు పెక్కు పాఠశాలలలో బోధనాంగమైనది. ఇది విద్యార్థి సంస్కృతిని తరగతిలోనికి గొనివచ్చునని దీనిని సమర్థించువారి వాదము. ఈ వాదము ఎంతవరకు నిలుచునో రెండు కృతులను ముందిడుకొని పరిశీలింప నెంచినాము.

సంస్కృత్యనుగుణ బోధనమను భావనకు 1995లో గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ సిద్ధాంతరూప మొసగెను. విద్యార్థి చదువున రాణింపవలెను. తన సంస్కృతిని విడనాడకుండవలెను. సమాజమునందలి అన్యాయములను ప్రశ్నింప నేర్వవలెను. ఈ మూడవ లక్షణమును బోధకులు తరచుగా జారవిడుచుచున్నారని ఆమెయే 2014లో ఒక వ్యాసమున ఆక్షేపించినది. పాడ్‌కాస్టుల విషయమున ఈ ఆక్షేపణ మరింత చెల్లును. జాతరను వర్ణించి, అవ్వ పాటను ముద్రించి, అంతటితో సంస్కృతి వచ్చెననుకొనుట సులభము కదా!

అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియో 2019లో బహుమతు లొసగిన తొలి విద్యార్థి పోటీలో టెన్నెసీ రాష్ట్రపు ఎలిజబెత్‌టన్ ఉన్నత పాఠశాల విద్యార్థుల కృతి ప్రథమముగా నిలిచినది. 1916లో సమీపమునందలి ఎర్విన్ పట్టణమున, తన్ను తోలుచున్న పనివానిని చంపినదని మేరీ యను సర్కసు ఏనుగును రైల్వే క్రేనునకు ఉరి తీసిరి. నూరేండ్లు దాటినను ఆ అపఖ్యాతి ఊరిని వీడలేదు. విద్యార్థులు చేపట్టిన విషయ మిదియే. స్థానికచరిత్రమనగా ఊరి ఘనతయే కాదు, ఊరు మరువగోరిన సిగ్గు కూడ నని వారు గ్రహించిరి. అదే పోటీలో న్యూయార్కు నగరపు బ్రాంక్సు బాలికలు ఋతుస్రావమును గూర్చిన మౌనమునే విషయముగా గొని మాధ్యమికశ్రేణి బహుమతి నందిరి. మైల, అంటు, 'బయట చేరుట' మొదలగు మాటల చాటున ఆ మౌనమును నిలుపుకొన్న తెలుగువారికి ఇది పరాయి విషయము కాదు. మన బోధకులు (మేమును వారిలోనివారమే) అట్టిదానిని తరగతిలో అనుమతింతురా యనునది వేరు ప్రశ్న.

జానపదగేయములను పరిశోధించిన బిరుదురాజు రామరాజుగారు మొదలగువారికి పాటను లిపిలోనికి దింపక తప్పలేదు. లిపిలో పదము నిలుచును; వరుస, ఊరి యాస జారిపోవును. ధ్వనిముద్రణమున అవియు నిలుచును. అట్లుండగా విద్యార్థి మాండలికమును తప్పని దిద్ది, పాఠ్యపుస్తకభాషలో వ్రాసినదానిని చదివించినచో, అది మైకు ముందు చదివిన వ్యాసరచనయే యగును.

మార్కులు ఉచ్చారణకు వేయుదుమా, ప్రశ్నకు వేయుదుమా యని ముందుగా తేల్చుకొనవలసి యున్నది. నాట్లపాట ముద్రించు బాలుడు నడుమ ఆగి, "అవ్వా, మీ కూలి మగోళ్ల కూలి కంటే ఎందుకు తక్కువ?" అని అడిగినచో, పాటకు అడ్డమని ఆ ముక్కను కత్తిరించు ఉపాధ్యాయులే మనలో నెక్కువ.