బుడితి పాత్ర, ప్రభువు బల్ల: ఒక పరిశీలన

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి గ్రామం కంచు, ఇత్తడి పనికి ప్రసిద్ధి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ పాత్రలను ప్రభురాత్రి భోజనపు బల్ల దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. సంస్కారాలను తూర్పు సంఘాలు గ్రీకులో 'ముస్తేరియోన్' అనే మాటతో పిలిచాయి. తెలుగు బైబిలులో దానికి 'మర్మము' అని ఉన్నది. మర్మమును పాత్ర ఎట్లు చూపగలదు?

బుడితి పనిలో మమ్మును ఆకర్షించేది నిరాడంబరత: గుండ్రని దేహము, నునుపు, గీతలతో సాదా నగిషీ. సిలువనో ద్రాక్షగుత్తినో చెక్కినంత మాత్రాన ఏ పాత్రయు పవిత్రము కాదని మా అభిప్రాయము. చెక్కిన గుర్తు అర్థమును ఒక్కసారే చెప్పివేస్తుంది. పాత్ర లోపలి ఖాళీ మాత్రము ప్రతి ఆరాధనలోను నింపబడుటకు ఎదురుచూస్తుంది.

ఇక లోహము సంగతి. 2004లో రోము వెలువరించిన 'రిదెంప్సియోనిస్ సాక్రమెంతుమ్' సులువుగా పగిలే గాజు, మట్టి పాత్రలను నిషేధించి, ఆ ప్రాంతపు ప్రజలు శ్రేష్ఠమని ఎంచే వస్తువులనే కోరింది. మన ప్రాంతములో కంచు అట్టిదే. కంచము అనే మాట కంచు నుండే పుట్టింది. అయితే పులుపు తగిలితే ఇత్తడికి చిలుము పడుతుంది. అందుకే మన ఇళ్లలో గిన్నెలకు కళాయి పూయించేవారు. ద్రాక్షారసమూ పుల్లనిదే గనుక, లోపలి పూతలేని ఇత్తడి పాత్రను బల్లపై ఉంచుట తగదు. మంటి ఘటములను గూర్చి పౌలు చెప్పినదీ (2 కొరింథీ 4:7) మరువరాదు: ఐశ్వర్యము పాత్రది కాదు.

అసలు ప్రశ్న వేరొకటి ఉన్నది. ఆ పాత్రలోనిది ఎవరు ఎవరితో పంచుకుంటారు? ఆంధ్ర క్రైస్తవులలో అధికులు దళిత మూలాలవారు. టీ దుకాణములో రెండు గ్లాసుల పద్ధతి వలన కలిగిన అవమానము వారికి తెలుసు. కలవారు ముందుగా తిని లేనివారిని సిగ్గుపరచుటను పౌలు కొరింథులో గద్దించాడు (1 కొరింథీ 11:17-34). అట్టివారి నడుమ ఒకే పాత్ర నుండి త్రాగుట ఒక విశ్వాస ప్రకటన. చిన్న గ్లాసుల పళ్లెము వచ్చాక ఆ ప్రకటన మన కన్నులకు మరుగైనది.

ఆరోగ్యరీత్యా గ్లాసులు అవసరమే కావచ్చును. ఆ వాదమును మేము తోసిపుచ్చము. కాని శ్రీకాకుళం, విజయనగరం సంఘాలు లోపల పూత వేయించిన ఒక పెద్ద బుడితి పాత్రను బల్లపై ఉంచి, సంఘమంతా చూచుచుండగా దాని నుండే గ్లాసులలో పోయవచ్చును. అప్పుడు గ్లాసులు అనేకమైనను, పాత్ర ఒక్కటేనని అందరూ చూస్తారు.