కప్పు ఎండల్లోనే ఎక్కాలి

అమలాపురం, పాలకొల్లు వైపు వెళ్ళినప్పుడు పాత మండువా లోగిలి కంటబడితే, లోపలికి వెళ్ళి చూడందే నా కాలు కదలదు. వెంట వచ్చినవాళ్ళు ద్వారబంధం మీది చెక్కడాలూ, నున్నటి టేకు స్తంభాలూ చూసి మురిసిపోతుంటారు. నా చూపు మాత్రం ముందు మండువా నాలుగు మూలలకీ పోతుంది. అక్కడ వాసాలు నల్లబడి ఉన్నాయంటే ఆ ఇంటికి గడ్డుకాలం మొదలైనట్టే.

ఈ లోగిళ్ళలో చాలావాటి వెనక గోదావరి కాలవలున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టాలో వరి పండింది, కాలవల్లో పడవలు తిరిగాయి. అదే 1852లో రంగూన్‌తో సహా దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ వశమైంది. అక్కడి టేకు సముద్రం దాటి మన రేవుల్లో దిగింది. మండువా పద్ధతి అంతకుముందూ ఉన్నదే. ఇంత టేకు, ఇంత విశాలం మాత్రం కాలవల చలవ.

కప్పు మీది పెంకుకీ ఒక చరిత్ర ఉంది. మొదట్లో అంతా కుమ్మరి చేసిచ్చిన గూన పెంకే. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, అచ్చులో ఒత్తిన బల్లపరుపు పెంకు వాడుకలోకి వచ్చింది. మనవాళ్ళు దాన్ని బంగళా పెంకు అన్నారు. గూన పెంకు దించేసి ఇది వేయించిన ఇళ్ళూ ఉన్నాయి కాబట్టి, కప్పొక్కటే చూసి ఇంటి వయసు చెప్పడానికి లేదు.

వీధి అరుగు ఎక్కి, గడప దాటి, సావిడిలోంచి నడిస్తే మండువా వస్తుంది. నడుమ ఆకాశం, చుట్టూ వసారా, వసారా వెనక గదులు, ఆ వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. వీధి తలుపూ పెరటి తలుపూ ఎదురెదురుగా ఉంటాయి. వేడి గాలి మండువాలోంచి పైకి పోతుంటే, చల్లగాలి ఆ తలుపుల్లోంచి లోపలికి వస్తుంది. లోపలి నాలుగు వాలుల నీళ్ళూ మండువాలో పడి, తూము గుండా బయటికి పోతాయి. ఒక్కొక్క మూలలో రెండేసి వాలులు కలుస్తాయి. అందుకని లోపలి వాలుల మీద పడ్డ వానలో చాలా నీళ్ళు ఆ మూలల వెంటే దిగాలి. అక్కడ ఒక్క పెంకు జరిగినా తడి వాసానికి పాకుతుంది, వాసం నుంచి దూలానికి, దూలం కొస నుంచి గోడకి. ఆ తర్వాత చెదలు వస్తాయి.

గూన పెంకుకి మేకులుండవు. ఒక వరస వెల్లకిలా, దానిమీద ఇంకో వరస బోర్లా పేరుస్తారు. కొబ్బరి మట్ట పడినా, కోతి పరిగెత్తినా జరిగిపోతాయి. తుఫాను వస్తే సరేసరి. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడ్డ తుఫాను ఎన్ని కప్పులు లేపేసిందో ఆ ఊళ్ళవాళ్ళకి ఇప్పటికీ గుర్తే. అందుకే ఏటా తొలకరికి ముందు పెంకు సర్దించడం ఈ ఇళ్ళకి తప్పని పని. ఆ పని చేసే పెద్దాయన ఒకాయన నాతో అన్నమాట ఇది: "ఎండల్లోనే పిలవాలండీ. వానలొచ్చాక పిలిత్తే పెంకు మీద కాలు నిలవదు, జారిపోద్ది."

గోడ సంగతి మరొకటి. ఇసుకా సున్నమూ గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి కట్టిన గోడలవి. సున్నం నేలలోని చెమ్మని పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. పెచ్చులూడాయని పైన సిమెంటు పూయిస్తే ఆ చెమ్మ బయటికి రాదు. లోపలే ఉండి ఇటుకనీ, గోడలో కూర్చున్న దూలం కొసనీ తినేస్తుంది. గట్టిగా ఉంటుందని చేయించిన మరమ్మతే ఇల్లు కూలడానికి కారణమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ పంపకాలది. గదులు పంచుకోవచ్చు, పెరడు పంచుకోవచ్చు. మండువాని మాత్రం పంచడానికి వీల్లేదు. అన్న వాటా కప్పు మీద పడ్డ వాన తమ్ముడి వాటా తూములోంచి పోవాల్సిందే. మండువాలో అడ్డుగోడ లేచిందంటే నీళ్ళకి దారి ఉండదు, గాలికీ ఉండదు. ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటే పెంకు సర్దించడం ఎవరి పని? ఎవరికి వారు రెండోవాళ్ళ పని అనుకుంటారు. ఇంతలో వానాకాలం వచ్చేస్తుంది.

రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారి ఇల్లూ, విజయనగరంలో గురజాడవారి ఇల్లూ నిలిచాయంటే వాళ్ళ పేర్లు వాటిని కాపాడాయి. పేరులేని లోగిళ్ళకి ఆ అండ లేదు. వాటి యజమానులు అమ్ముకుంటే నేను తప్పుపట్టను. కలప ధర చూసి విప్పేయడం వాళ్ళ అవసరం కావచ్చు. అమ్మరు, ఉండరు, బాగుచేయించరు, దాని మీద మాత్రం గొప్పలు చెప్పుకుంటారే, వాళ్ళతోనే నా పేచీ.

మీకూ ఉమ్మడిలో అలాంటి లోగిలి ఉంటే ఈ వేసవిలో ఒక పని చేయండి. వాటాల మాట తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు పెంకు సర్దే మనిషిని పిలిపించి, ఆ నాలుగు మూలలూ చూపించండి. కూలి అందరూ తలా ఇంత వేసుకోండి.